హసియెండాలు, మాయా శిథిలాలు ఐదు రోజుల్లో చూడాలంటే: కాంకూన్‌లో కాదు, మెరిదాలో మకాం పెట్టండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: డిసెంబరులో డాలస్ నుంచి అమ్మానాన్నలతో మెక్సికోలోని యుకతాన్‌కి ఐదు రోజులు వెళ్తున్నారు. హసియెండాలనే పాత తోటల బంగళాలు, మాయా అనే అక్కడి ఆదివాసీల పాత కట్టడాలు రెండూ చూడాలి. కాంకూన్‌లో ఉండి చిచెన్ ఇట్జా అనే మాయా శిథిలాలకి ఒక రోజు బస్సు టూరు వేసుకుంటే సరిపోతుందా? కారు అద్దెకు తీసుకోవచ్చా? అమ్మ శాకాహారి, తిండి దొరుకుతుందా?

సరిపోదు. కాంకూన్ సముద్రపు ఊరు. మీరు చూడాలనుకున్నవన్నీ దానికి పడమరగా రెండు నుంచి నాలుగు గంటల దూరంలో ఉన్నాయి. మూడు రాత్రులు యుకతాన్ రాజధాని మెరిదాలో ఉండండి, నాలుగో రాత్రి వయ్యదోలిద్‌లో గానీ చిచెన్ ఇట్జా దగ్గర గానీ పడుకోండి, ఐదో రోజు కాంకూన్ నుంచి విమానం ఎక్కండి. కారు తీసుకోండి. తిండి దొరుకుతుంది, కాకపోతే అడగడం తెలియాలి.

నేను హ్యూస్టన్‌లో ఉంటాను. అటువైపు ఐదుసార్లు వెళ్ళాను, అందులో ఒకసారి అనంతపురం నుంచి వచ్చిన మా అమ్మానాన్నలతో. ఆ ఒక్కసారి తెలిసినన్ని సంగతులు మిగతా నాలుగుసార్లూ తెలియలేదు. కాబట్టి ఎక్కువగా దాని గురించే రాస్తాను.

ముందుగా ఒక మాట. చాలామంది బంగళాలకొక జాబితా, శిథిలాలకొక జాబితా వేసుకుని వెళ్తారు. అక్కడ అవి రెండు వేరు వేరు విషయాలు కావు. ఆ బంగళాల్లో పనిచేసినవాళ్ళు ఎక్కువమంది మాయా వాళ్ళే. మెరిదా ఊరే తిహో అనే మాయా నగరం మీద లేచింది. 1542లో స్పెయిన్ వాళ్ళు ఊరు కట్టినప్పుడు పాత గుళ్ళ రాళ్ళే మళ్ళీ వాడుకున్నారు. ఆ శతాబ్దంలోనే కట్టిన పెద్ద చర్చి గోడల్లోనూ ఆ రాళ్ళే. ఉష్మాల్ శిథిలాలు ఒకప్పుడు ఒక హసియెండా భూముల్లో భాగం. చిచెన్ ఇట్జాని కూడా 1894లో ఎడ్వర్డ్ థాంప్సన్ అనే అమెరికా కాన్సులు హసియెండాతో కలిపి కొనేశాడు. పొలంతోపాటు పిరమిడ్డు రిజిస్ట్రేషన్ అయిందన్నమాట! తర్వాత అక్కడి పవిత్ర బావిలో డ్రెడ్జర్ దింపి తవ్వించి, దొరికిన బంగారం, పచ్చరాళ్ళు హార్వర్డ్‌లోని మ్యూజియానికి పంపాడు. అందుకే ఒకే రోజు పొద్దున బంగళా, మధ్యాహ్నం శిథిలం చూసేలా దారి వేసుకోమంటాను.

మొదటి రోజు మెరిదా చేరడానికే పోతుంది. కాంకూన్‌లో దిగితే టోల్ రోడ్డు మీద సుమారు 300 కిలోమీటర్లు, నాలుగు గంటలు. నేరుగా మెరిదాకే విమానం దొరికితే ఓ వంద డాలర్లు ఎక్కువైనా అదే తీసుకోండి, పెద్దవాళ్ళకు ఆ ప్రయాణం తప్పుతుంది. సాయంత్రం పసేయో దె మోంతెహో అనే వీధిలో నడవండి. ప్యారిస్ మేడల్లాంటి ఇళ్ళు వరసగా కనిపిస్తాయి. అవన్నీ నార డబ్బుతో కట్టినవి. ఏ నారో మర్నాడు తెలుస్తుంది.

రెండో రోజు మెరిదా నుంచి దక్షిణంగా ఉమాన్ మీదుగా పాత 261 రోడ్డు పట్టుకోండి. దారిలోనే యాష్కోపోయిల్ హసియెండా. రోడ్డు పక్కన రెండు తోరణాలు కలిసిన పెద్ద ద్వారం కనబడుతుంది, అదే గుర్తు. దీన్ని హోటలుగా మార్చి సున్నాలు కొట్టి నున్నగా చేయలేదు. గోడల రంగు పెచ్చులూడుతోంది, గదుల్లో పాత సామాను ఉన్నచోటే ఉంది, ఒక గదిలో ఆ భూముల్లో దొరికిన మాయా బొమ్మలు, కుండలు పెట్టారు. వెనక యంత్రాల కొట్టులో జర్మనీ నుంచి తెప్పించిన ఇంజన్ దుమ్ము పట్టి నిలబడి ఉంది. గంట చాలు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన బంగళా ఇదే. బాగు చేసిన చోట్ల ఈత కొలను చూస్తాం, ఇక్కడ మాత్రం లెక్కల గది చూస్తాం.

అక్కణ్ణుంచి మూనా ఊరు దాటాక చిన్న గుట్ట ఎక్కుతారు. బల్లపరుపుగా ఉండే ఆ రాష్ట్రంలో ఎత్తు అనదగ్గది అదొక్కటే. మాయా భాషలో దాన్ని ‘పూక్’ అంటారు. దానికి అవతల ఉష్మాల్.

ఒక్క శిథిలమే చూసే టైము ఉంటే చిచెన్ ఇట్జా మానేసి ఉష్మాల్ చూడండి అంటాను నేను. ఇది వివాదం రేపే మాట, కానీ పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి తప్పకుండా అదే చెబుతాను. జనం తక్కువ, నీడ ఎక్కువ, కట్టడాల దగ్గరికి వెళ్ళనిస్తారు. మాంత్రికుడి పిరమిడ్డు సుమారు 35 మీటర్లు ఉంటుంది. మూలలు గుండ్రంగా ఉంటాయి, ఇలాంటిది వేరేచోట చూడలేదు. దాన్ని ఎక్కనివ్వరు. దాని వెనక నాలుగు పక్కలా నాలుగు పొడవాటి భవనాలు, మధ్యలో పెద్ద వాకిలి. స్పెయిన్ వాళ్ళు దానికి సన్యాసినుల మఠం అని పేరు పెట్టారు, అక్కడ సన్యాసినులెవరూ ఎప్పుడూ లేరు. గోడల పైభాగమంతా వేలకొద్దీ చెక్కిన రాతి ముక్కల అమరిక, మూలమూలనా ఏనుగు తొండంలా వంకర తిరిగిన ముక్కు. అది వాన దేవుడు చాక్.

మా నాన్న ఆ ముక్కులు చూడలేదు. పది నిమిషాలు నేల చూస్తూ తిరిగి, ‘ఏరు లేదు, బావి లేదు. ఇంతమంది నీళ్ళెట్లా తాగినార్రా?’ అన్నాడు. నేను అప్పటికి రెండుసార్లు వచ్చి వెళ్ళినవాణ్ణి. ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు!

జవాబు కాళ్ళ కిందే ఉంది. యుకతాన్ అంతా సున్నపురాయి. నేల మీద నది పారదు, వాన నీరంతా రాతిలోకి ఇంకిపోతుంది. ఉత్తరాన భూమి లోపలి గుహల పైకప్పు కూలిన చోటల్లా సెనోటే అనే సహజమైన బావులు ఏర్పడ్డాయి. చిచెన్ ఇట్జా అనే పేరుకే ‘ఇట్జా వాళ్ళ బావి అంచు’ అని అర్థం. పూక్ గుట్టల్లో మాత్రం నీటి మట్టం మరీ లోతు, సెనోటేలు లేవు. అందుకని వాకిళ్ళకు వాలు పెట్టి, కింద సీసా ఆకారంలో గుంత తవ్వి, లోపల సున్నం పూసి వాన నీళ్ళు నిలవ చేశారు. చుల్తూన్ అంటారు. ఉష్మాల్‌లో నడుస్తుంటే రాతి మూతిలా కనబడే గుండ్రటి రంధ్రాలు అవే. అది తెలిశాక గోడ మీద చాక్ ముఖం అన్నిసార్లు ఎందుకు చెక్కారో గైడు చెప్పనక్కర్లేకపోయింది. వాన కోసం ఎదురుచూసే ఊరి మనిషికి అర్థమైపోయింది.

ఓపికుంటే అదే రోడ్డు మీద ఇరవై నిమిషాలు ముందుకు వెళ్తే కబా. ఒకే గోడ నిండా 250 దాకా చాక్ ముఖాలు. దాని తర్వాత సాయిల్, లబ్నా ఉన్నాయి. ఈ మూడూ, ఉష్మాల్ కలిపి 1996 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. అమ్మానాన్నలతో అయితే కబా దగ్గర ఆగిపోండి, ఎండ తట్టుకోలేరు.

మూడో రోజు సొతూత దె పెయోన్. మెరిదాకి ఆగ్నేయంగా, ముప్పావు గంట. ఇప్పటికీ నార తీసి చూపించే హసియెండా ఇది. టిక్కెట్టు ఎక్కువే, ముందే బుక్ చేసుకోవాలి. ‘టూరిస్టుల నాటకం’ అని కొందరు తీసిపారేస్తారు. కొంత నిజమే, కానీ యంత్రం నిజం, తోట నిజం.

తోట దగ్గర మొదటి మొక్క చూడగానే నాన్న ఆగిపోయాడు. ‘ఇది మన కిత్తనారే కదరా! దీన్ని చూపియ్యడానికా ఇంత దూరం తీసుకొచ్చినావు?’

నిజమే. హెనెకెన్ అనే ఆ మొక్క (అక్కడ హ పలకరు, ‘ఎనెకెన్’ అంటారు, హసియెండాని కూడా ‘అసియెండా’ అనే అంటారు) మన పొలం గట్ల మీద, రైలు కట్టల పక్కన పెరిగే కిత్తనారకు దాయాది. ఈ జాతి మొక్కలన్నీ పుట్టింది అమెరికా ఖండంలోనే, మనకు తర్వాత వచ్చాయి. మనం సిసల్ అనే పేరు కూడా మెరిదా దగ్గరి రేవు ఊరిది. అక్కడ ఓడకెక్కిన బేళ్ళ మీద ఆ ఊరి పేరు ఉండేది, అదే సరుకు పేరైపోయింది.

యంత్రం మొదలుపెడితే చెవులు మూసుకోవాలి. ముళ్ళు కోసేసిన ఆకులు ఒకవైపు గొలుసు మీద వెళ్తాయి. లోపల తిరిగే చక్రం గుజ్జంతా గీకేస్తుంది, అవతలివైపు తడి నార కురుల్లా వేలాడుతూ వస్తుంది. కింద పచ్చటి గుజ్జు, పచ్చి వాసన. రసం చేతికి అంటితే దురద. నార తీగెల మీద ఆరేస్తే ఒక పూటకల్లా గోధుమ తెలుపుకి తిరుగుతుంది. మా ఊళ్ళో ఇదే పని ఆకులు చెరువులో ఊరబెట్టి, బండ మీద కొట్టి చేసేవాళ్ళు. ఆరిన నార రెండు పాయలు అడిగి తీసుకుని, ప్యాంటు మోకాలి దాకా మడిచి, తొడ మీద అరచేత్తో పేని, మూరెడు తాడు చేసి చూపించాడు నాన్న. పనివాళ్ళలో పెద్దాయన ఒకాయన దాన్ని లాగి చూసి, పురి విప్పి, తన పద్ధతిలో మళ్ళీ పేని ఇచ్చాడు. ఒకరి భాష ఒకరికి రాదు. మా గైడు ఇంగ్లిష్ అనువాదం ఆపేసి పక్కన నిలబడ్డాడు.

ఈ నారకి అంత డబ్బు ఎలా వచ్చిందంటే, 1870ల చివర్లో అమెరికాలో గోధుమ కోసి పనలు కట్టే యంత్రాలు వచ్చాయి. పన కట్టాలంటే పురికొస కావాలి, పురికొసకి ఈ నార కావాలి. అదొక్కటే కారణం. యుకతాన్‌లో కొన్ని కుటుంబాలు కోటీశ్వరులయ్యాయి. ప్యారిస్ మేడలు, ఇటలీ పాలరాయి అలా వచ్చినవే.

ఆకు కోసినవాడికి వెయ్యి ఆకులకింత అని లెక్క. ప్రతి హసియెండాలోనూ దొర కొట్టు ఒకటి. సరుకు అక్కడే కొనాలి, కొన్నిచోట్ల కూలి కూడా ఆ కొట్లోనే చెల్లే బిళ్ళల్లో ఇచ్చేవారు. పనివాడి పేరున రెండు ఖాతాలు: రోజువారీ బాకీకి ‘చిచాన్ క్వెంత’, అంటే చిన్న ఖాతా. పెళ్ళికీ చావుకీ తీసుకున్న బాకీకి ‘నొహోచ్ క్వెంత’, పెద్ద ఖాతా. పెద్దది తీరేది కాదు, తీరేదాకా కదలడానికి లేదు. అప్పు కింద పాలేరుతనం తరాలు నడిచిన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం, మనకు దీన్ని విడమరచనక్కర్లేదు. ఆ పనివాణ్ణి పెయోన్ అనేవారు. మన ఆఫీసు ‘ప్యూను’ పోర్చుగీసు నుంచి మనకొచ్చిన దాని తోబుట్టువు మాటే. (సొతూత పేరులోని పెయోన్ మాత్రం యజమానుల ఇంటిపేరు. కాకతాళీయం, కానీ భలే కాకతాళీయం.) మాయా కూలీలు చాలక ఉత్తరాది సొనోరా నుంచి యాకీ తెగవాళ్ళను బలవంతంగా తరలించారు. 1905లో వెయ్యిమందికి పైగా కొరియన్లను ఓడలో తెచ్చారు. వాళ్ళ జ్ఞాపకార్థం మెరిదాలో చిన్న మ్యూజియం ఉంది, దారిలో పడితే చూడండి.

మెక్సికో విప్లవం నడుస్తుండగా 1915లో గవర్నరుగా వచ్చిన సాల్వదోర్ అల్వరాదో ఆ బాకీ దాస్యాన్ని రద్దు చేయించాడు. 1937లో అధ్యక్షుడు కార్దెనాస్ తోటల భూములు పంచాడు. తర్వాత నైలాన్ తాళ్ళు వచ్చి మిగిలిన వ్యాపారాన్నీ ముగించాయి. మీరు దారిలో చూసే మొండి చిమ్నీలన్నీ ఆ కథకు గుర్తులు.

సొతూతలో పట్టాల మీద కంచరగాడిద లాగే చిన్న బండి ఎక్కిస్తారు. ఆకులు మోయడానికి వేసిన పట్టాలే అవి. చివర ఒక సెనోటే ఉంటుంది. మెట్లు తడిగా ఉంటాయి, పెద్దవాళ్ళను చెయ్యి పట్టుకుని దింపండి. సన్‌స్క్రీన్ పూసుకుని దిగనివ్వరు, స్నానం చేసి దిగాలి.

హసియెండా హోటల్లో ఉండాలా? డబ్బుంటే ఒక రాత్రి, లేకపోతే భోజనం చాలు. తెమొసోన్ అనే హసియెండా హోటల్లో 1999లో క్లింటన్, 2007లో బుష్ మెక్సికో అధ్యక్షుల్ని కలిశారు, ధరలు కూడా ఆ స్థాయిలోనే ఉంటాయి. నేనైతే ఆ డబ్బుతో మెరిదాలో రెండు రాత్రులు ఎక్కువ ఉంటాను.

నాలుగో రోజు ఇసమాల్ మీదుగా తూర్పుకి. ఊరంతా పసుపు రంగు. మధ్యలో పెద్ద మఠం, అదీ మాయా పిరమిడ్డు అరుగు మీదే కట్టారు. నాలుగు వీధుల అవతల ఇళ్ళ మధ్యలో కినిచ్ కక్మో అనే పిరమిడ్డు గుట్టలా ఉంటుంది. ఈ మఠం కట్టించడంలో ముందున్న దియెగో దె లాందా అనే ఫాదరీయే 1562లో మానీ ఊళ్ళో మాయా పుస్తకాలు తగలబెట్టించాడు. వాళ్ళ ఆచారాల గురించి మనకు ఎక్కువగా తెలిసిందీ అతను రాసిపెట్టిన దాని వల్లే. అతన్ని తిట్టాలో చదవాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

ఐదో రోజు పొద్దున 8 గంటలకి చిచెన్ ఇట్జా గేటు తీసేసరికి అక్కడుండాలి. కాంకూన్ బస్సులు పదిన్నర నుంచి దిగుతాయి. ఆ తర్వాత పిరమిడ్డు కంటే గొడుగులు ఎక్కువ కనబడతాయి. నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన ఒకటి, మొత్తం 365. 2006 నుంచి ఎక్కనివ్వడం లేదు. మెట్ల ఎదురుగా నిలబడి చప్పట్లు కొడితే పక్షి కూతలా ప్రతిధ్వని వస్తుంది, అమ్మ చేత కొట్టించండి. 168 మీటర్ల బంతాట మైదానం మరిచిపోకండి. చిచెన్‌లోనూ ఉష్మాల్‌లోనూ టిక్కెట్టు రెండు భాగాలు, కేంద్రానికొకటి, రాష్ట్రానికొకటి. రెండు కౌంటర్లలో కట్టాలి, పెసోలు చేతిలో ఉంచుకోండి. ఆదివారం మెక్సికో పౌరులకు ఉచితం, ఆ రోజు తప్పించండి.

ఇక మీరడిగిన చిల్లర సంగతులు.

కారు: రోడ్లు బాగుంటాయి. రాష్ట్రం కూడా మెక్సికోలోకెల్లా హత్యలు తక్కువ జరిగేవాటిలో ఒకటి. అయినా రాత్రిపూట నడపకండి, భయం దొంగలతో కాదు, ‘తోపె’లతో. బోర్డు లేని స్పీడ్‌బ్రేకర్లు ఊరికి నాలుగు. ఆన్‌లైన్‌లో రోజుకి ఐదు డాలర్లని చూపిస్తే నమ్మకండి. మెక్సికో థర్డ్‌పార్టీ బీమా తప్పనిసరి, అది కౌంటర్లో కలుపుతారు. నాకు మొదటిసారి అలా బిల్లు మూడింతలైంది, అప్పటికే మా సామాను లైన్లో ఉంది, కట్టక తప్పలేదు. బీమాతో కలిపి ఎంతో మెయిల్‌లో రాయించుకుని వెళ్ళండి. కొత్తగా వచ్చిన మాయా రైలు కూడా ఉంది, కానీ మెరిదా స్టేషను ఊరి బయట. పెద్దవాళ్ళతో, సామానుతో దాని మీద ఆధారపడకండి.

వీసా: పాస్‌పోర్టులో గడువు తీరని అమెరికా వీసా ముద్ర గానీ గ్రీన్‌కార్డు గానీ ఉంటే మెక్సికో వీసా వేరే అక్కర్లేదు. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకూ అంతే. మీకు హెచ్-1బి ముద్ర గడువు తీరి, ఆమోద పత్రం మాత్రమే ఉంటే అది చాలదు. టిక్కెట్లు కొనకముందే కాన్సులేట్ నియమాలు చూసుకోండి.

తిండి: ‘మాంసం లేకుండా’ అంటే కోడి ముక్కలు వేసి తెస్తారు, వాళ్ళ లెక్కలో అది మాంసం కాదు. ‘నీ పొయ్యో, నీ హమోన్, సిన్ మన్తేకా’ అని అడగండి: కోడి వద్దు, హామ్ (పంది తొడ మాంసం) వద్దు, పంది కొవ్వు వద్దు. ఆ చివరిది ముఖ్యం, ఉడికించిన చిక్కుడు గింజల్లో అదే వేస్తారు. సికిల్ పాక్ అడగండి. గుమ్మడి గింజలు, టమాటా కాల్చి నూరిన పచ్చడి. అమ్మ మొదటి ముద్దకే ‘దీంట్లో ఇంగువ పోపు పడుంటేనా’ అంది. హబనేరో మిరపకాయతో పందెం కట్టకండి, గుంటూరు కారం తిన్నామన్న ధీమా అక్కడ పనికిరాదు.

గడియారం: యుకతాన్ రాష్ట్రం కంటే పక్క రాష్ట్రంలో ఉన్న కాంకూన్ ఒక గంట ముందుంటుంది. వెళ్ళేటప్పుడు గంట కలిసొస్తుంది, వచ్చేటప్పుడు పోతుంది. మేం వయ్యదోలిద్‌లో తీరిగ్గా టిఫిన్ చేసి బయల్దేరాం. హద్దు దాటగానే ఫోనులో గంట ఎగిరిపోయింది. గేటు మూయడానికి ఏడు నిమిషాల ముందు విమానం ఎక్కాం. ఐదో రోజు చిచెన్ చూసి వెళ్ళాలంటే విమానం సాయంత్రం ఐదు తర్వాతదే తీసుకోండి.

మీ నాన్నగారి మోకాళ్ళ సంగతి మీరు రాయలేదు. మెట్లు ఇబ్బంది అయితే చెప్పండి, సెనోటే తీసేసి మూడో రోజు వేరేగా వేసిస్తాను.